తుమ్మకంప అవతలి ఊఁ

మొన్న మధ్యాహ్నం మా బిడ్డ పేరు మీద ఒక పుస్తకం పార్సిల్ వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల, పట్టుబట్టి తెప్పించుకున్నది. అట్ట నలుపు, దాని మీద అక్షరాలు వెండి రంగు, చివరికి కాగితాల అంచులకు కూడా నల్లరంగు పూశారు. కవరు చించగానే, ఎండకు కాగిన తారు రోడ్డు మీద మొదటి చినుకులు పడ్డప్పుడు లేచే ఘాటు లాంటి వాసన నాగర్‌కర్నూల్‌లో మేముండే రెండు గదుల అద్దె ఇంటి నిండా పరుచుకుంది. లోపల ఏముందని అడిగితే, పాడుబడ్డ కోట, దానికొక శాపం, ఆ కోటకు వారసురాలైన ఒక అమ్మాయి అని, పెద్దవాళ్లకు అందని సంగతిని ఓపికగా విప్పి చెబుతున్నట్టు చెప్పింది. అలాంటి కథ ఆ వయసులో నేనూ చదివాననీ, చదివిన చోటు కూడా అలాంటిదేననీ అంటే గొప్పలకు పోతున్నాననుకుంటుంది. గొప్పలు చెప్పుకోవడం మా ఇంటి అలవాటు కాదు. చెప్పుకోవలసిన అవసరం ఒకప్పుడు ఉండేది కాదు.

మా ఊరు వనపర్తికీ పెబ్బేరుకూ నడుమ, పెద్ద రోడ్డు వదిలి ఎర్రటి మెట్ట చెలకల గుండా పోతే వస్తుంది. ఏ వైపు నుంచి వచ్చినా ముందుగా కంటబడేది, దొరల ఇల్లయిన మా గడీకి కోటకున్నట్టు లేచిన బుర్జు. నా చిన్ననాటికే మా చేతుల్లో మిగిలిన భూమి తక్కువ, నడుచుకోవలసిన మర్యాదలు మాత్రం ఎప్పటిలాగే ఉండేవి. ప్రతి వానాకాలం ఆ ఇంట్లో ఒక అర్ర తగ్గేది. గదిని మేము అర్ర అంటాం. ముందు కప్పు మీద గచ్చు పగిలి గోడలకు చెమ్మ ఎక్కేది, తర్వాత దూలం నుంచి సన్నగా చెదమన్ను రాలేది, ఒక పొద్దున మా నాయన అందులోని సామాను పక్క అర్రలోకి మార్పించి తలుపుకు గొళ్లెం పెట్టేవాడు. అలా పెట్టిన తలుపు మళ్లీ తెరిచిన గుర్తు నాకు లేదు. మూసిన అర్రల్లో గబ్బిలాలు చేరేవి. వాటి వాసన, తడిసిన సున్నం వాసన, ఏ మూలనో మరిచిపోయిన పాత చింతపండు పులుపు వాసన కలిసి, మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు మేమున్న వైపుకు వచ్చేవి. నాకు పదమూడేళ్లు వచ్చేసరికి మేము వాడుకునేది వంటిల్లు, ముందు సావడి, మేము పడుకునే అర్ర, అన్నిటికన్నా వెనుక బుర్జును ఆనుకుని ఉన్న అవ్వ అర్ర. అంతే.

అవ్వ మా నాయన తల్లి. కళ్లకు పొర కమ్మి అక్షరం కనబడేది కాదు గాని, వెన్ను మాత్రం చివరిదాకా నిటారుగా ఉండేది. గోడకు ఆనుకుని కూర్చోవడం చేతకానివాళ్ల పని అనేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లికారం, పల్చటి మజ్జిగ ముగిశాక అమ్మ కాసేపు నడుం వాల్చేది. మా ఇంట్లో పని చూసే బుడ్డమ్మ అంట్లు తోముకునేది. అప్పుడు నేను అవ్వ మంచం పక్కన పీట వేసుకుని నవల చదివేదాన్ని. ఆ నవలలు పెబ్బేరు సంతలో దొరికేవి. ఎద్దుల మెడలకు కట్టే పలుపులు, గజ్జెలు అమ్మే వరుస చివర, ఒకాయన గోనెసంచి పరిచి పాత పుస్తకాలు కుప్ప పోసేవాడు, అందులో సగానికి అట్టలుండేవి కావు. మంత్రగత్తెలు, సమాధుల కింద నగరాలు, నెత్తురు తాగే యువరాజులు, నా ఈడు పిల్లలు చదవడానికే రాసిన చీకటి కథలు. ఆ కాగితాలకు జనపనార వాసన, పశువుల వాసన పట్టి ఉండేవి. వాటిని దయ్యాల పుస్తకాలని మా నాయన ముట్టుకునేవాడు కాదు. అవ్వకు అవే కావాలి.

వినేవాళ్లు ఊఁ కొట్టకపోతే కథ చెప్పకూడదన్నది అవ్వ పెట్టిన నియమం. ఊఁ ఆగితే మనిషి నిద్రపోయినట్టు, నిద్రపోయిన మనిషికి కథ చెబితే అది వేరేవాళ్లు వింటారు అనేది. ఆ వేరేవాళ్లు ఎవరని నేను అడగలేదు. మూసిన అర్రల మధ్య ఉన్న ఇంట్లో అలాంటివి అడిగి తెలుసుకోవాలనిపించదు. అందుకని ఒక్కో వాక్యం చదివి ఆగేదాన్ని; ముక్కుతో తేల్చి, చివర కొంచెం పైకి లేపి, అవ్వ ఊఁ అనేది; నేను తర్వాతి వాక్యంలోకి పోయేదాన్ని. మధ్యమధ్యలో అవ్వకు వచ్చే అనుమానాలకు రాసినవాళ్ల దగ్గర కూడా జవాబు ఉండేది కాదు.

"అంత పెద్ద కోటల వంట ఎవలు చేస్తుండ్రే? ఒక్క మనిషి పేరన్న రాయలేదు."

"దయ్యాలకు వంటెందుకవ్వా?"

"దయ్యాలకు గాదు. ఆ పిల్లకు. తొమ్మిది పేజీల సంది తిరుగుతుంది, ఒక్క రొట్టె ముక్క పెట్టినోడు లేడు."

ఆ ఏడు వానాకాలంలో మేము చదువుతున్న నవలకు అట్ట లేదు, పేరు కూడా తెలియదు. నీలవేణి అనే అమ్మాయికి తాతల నాటి కోట ఒకటి దక్కుతుంది. ఆ కోటలో తలుపులు మింగే రాణి ఉంటుంది. ప్రతి పున్నమికి ఒక తలుపు గోడగా మారిపోతుంది, దాని వెనకున్న మనుషులు గోడలో ఉండిపోతారు, చెవి ఆనిస్తే వాళ్ల మాటలు వినిపిస్తాయి. నీడ లేని ఒక యువరాజు, కోట విడిచి పొమ్మని ఆ పిల్లను బతిమాలుతుంటాడు. ఆమె పోదు. మా వాళ్ల కోట, నేనెందుకు పోవాలి అంటుంది. ఆ మాట దగ్గర అవ్వ ఊఁ అనకుండా, "మంచిగన్నది" అన్నది. నాకు మాత్రం ఆ నవల చదవడం మొదలుపెట్టాక, నీళ్లు తాగడానికి సావడి దాటి వంటింట్లోకి పోవాలన్నా గొళ్లెం పెట్టిన తలుపులు లెక్కపెట్టుకోకుండా అడుగు పడేది కాదు. వేరే ఊళ్ల పిల్లలు ఆ భయాన్ని సంతలో కొనుక్కునేవారు. నాకది గోడ అవతలే ఉండేది.

కోటలో ఒక్క తలుపు మిగిలి, దాన్ని లోపలి నుంచి ఎవరో తట్టడంతో మొదటి భాగం అయిపోయింది. మిగతాది రెండో భాగంలో అని ఉంది. సరిగ్గా ఆ వారమే మా నాయన మాకు మిగిలిన ఎద్దుల జతను సంతకు తోలుకుపోవలసి వచ్చింది. ఆ పొద్దు ఆయన తల వంచుకోలేదు, ఎవరి వంకా చూడలేదు. అవ్వ పిలిచి, మొదటి భాగం ఆయన చేతికిచ్చింది.

"దీనికి జతది ఉంటది సూడు కొడుకా. ఎద్దులు ఎట్లన్న పోతున్నయ్. ఇదన్న తే."

"గీ వయసుల నీకు గివేందే అమ్మ" అని ఆయన విసుక్కున్నాడు గాని, పుస్తకాన్ని రుమాలులో చుట్టుకుని తీసుకుపోయాడు. ఆ సాయంత్రం పలుపుతాళ్లు మాత్రం భుజాన వేసుకుని, చంకలో రెండు పుస్తకాలతో ఆయన తిరిగి వచ్చేసరికి అవ్వను సావడిలో పడుకోబెట్టి తలాపున దీపం పెట్టారు. మధ్యాహ్నం తిన్న రొట్టె అరగకముందే, నాకు ఏదో చెప్పబోతూ పోయింది. మా నాయన తల్లి ముందు కాసేపు నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది, ఆయన ఏడవలేదు. మా ఇంట్లో నలుగురి ముందు ఏడ్చేవాళ్లు లేరు. పుస్తకాలు రెండూ తెచ్చి నా చేతుల్లో పెట్టి, స్నానానికి వెళ్లాడు.

మర్నాడు అయ్యగారు పంచాంగం చూసి, అవ్వ పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. అలాంటప్పుడు మా వైపు ఆరు నెలలు ఇల్లు పాడుపెడతారు. అంటే ఇంట్లోవాళ్లంతా వేరే చోటికి వెళ్లి, తలుపు మూసి, గడపకు అడ్డంగా తుమ్మకంప వేస్తారు. గడువు తీరి శాంతి చేసేదాకా లోపల దీపం పెట్టరు, ఎవరూ అడుగుపెట్టరు. ఇల్లు విడవకపోతే పోయినవాళ్లు ఇంకొకరిని తోడు తీసుకుపోతారని నమ్మకం. మా నాయన ఒప్పుకోలేదు. కావాలంటే అవ్వ అర్ర ఒక్కటీ మూస్తానన్నాడు.

"జర ఆలోచించుండ్రి" అన్నది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇంట్ల ఆడపిల్ల ఉన్నది."

"ఒక్కపారి గడప దిగితె మల్ల ఎక్కం. నాకు తెల్వదా? దొర ఇల్లు ఇడిసిపెట్టి పోయిండు అంటరు. నేను పోను."

అవ్వ అర్రకు రెండు తలుపులుండేవి, ఒకటి లోపల వసారాలోకి, ఇంకొకటి వెనక బుర్జు మెట్ల వైపుకు. రెండింటికీ కంప వేశారు. తెల్లటి ముళ్లతో ఆ తుమ్మకొమ్మలు, ఎండుతున్న కొద్దీ, గాలి లేకున్నా చిటుక్కు చిటుక్కుమనేవి. అది భాద్రపదం. చెలకల గట్ల మీద గునుగు తెల్లగా పూసింది. ఎప్పుడూ ఊరి ఆడవాళ్లు ముందుగా మా గడీ ముందే బతుకమ్మలు పెట్టి ఆడి, ఆ తర్వాత చెరువుకు పోయేవాళ్లు. సత్తుపిండి, నువ్వుల ముద్దలు పంచుకునేవాళ్లు, తంగేడు పూల పచ్చి వాసన గుమ్మందాకా ఉండేది. ఆ ఏడు పాట మా వాకిలి దాకా వచ్చి, సన్నబడి, పక్క సందులోంచి మళ్లిపోయింది. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఏడాదిదాకా పండుగ చేయకూడదన్న పట్టింపు మాకు. వాళ్లది మాత్రం పట్టింపు కాదు, భయం. పాలు పోసే ఆమె కూడా చెంబు గడప బయటే పెట్టి పోయేది. బుడ్డమ్మ ఒక్కతే రావడం మానలేదు, కాని పొద్దు వాలకముందే వెళ్లిపోయేది.

"ఆ అర్ర దిక్కు సూడకు చిన్నదొరసాని" అన్నది ఒకనాడు, బియ్యంలో రాళ్లేరుతూ. "అవ్వకు మనసు నిండలేదు. ఏదో కొసరున్నది. కొసరున్నోళ్లు ఆన్నే కూసుంటరు."

"ఏం కొసరు?"

"నాకేం ఎరుక? నీతోనే గద మాట్లాడుకుంట పోయింది."

నాకు ఎరుకే. రెండో భాగం నా బట్టల పెట్టెలో ఉంది. అవ్వ ఆ తలుపు వెనక, గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని, తట్టింది ఎవరో తెలుసుకోవడానికి ఎదురుచూస్తోంది. వినకుండా పోదు. పోయేటప్పుడు ఒంటరిగా పోదు. ఎవరిని తీసుకుపోతుందో కూడా నాకు తెలిసిపోయింది. ఇల్లు విడవనన్నది మా నాయన. ఆయన ఆ దినాల్లో తిండి తగ్గించాడు, చెంపలు లోపలికి పోయాయి, మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో ఆగి వెనక్కి చూసేవాడు. అన్నం కలుపుతున్న ఆయన చేతిని చూస్తూ, ఈ చేయి దీపావళి దాకా ఉంటుందా అని నేను మనసులో అనుకునేదాన్ని. కథ ఒక్కటి పూర్తయితే అవ్వ ఎవరినీ తోడు తీసుకోకుండా వెళ్లిపోతుందని, అందుకు వేరే దారి లేదని నాకు తోచింది.

అమ్మ నడుం వాల్చిన వేళ, వసారాలో కంపకు జానెడు దూరంలో పీట వేసుకుని రెండో భాగం తెరిచాను. "ఆ తలుపు అవతల నిలబడినది ఎవరో నీలవేణికి తెలుసు" అని మొదటి వాక్యం చదివి, అలవాటు కొద్దీ ఆగాను.

లోపలి నుంచి ఊఁ వినిపించింది.

లేచి పరుగెత్తి ఉండవలసింది. కాని ఊఁ అన్నాక చదవడం ఆపితే ఏమవుతుందో అవ్వ నాకు ఎన్నడూ చెప్పలేదు, చెప్పకపోవడంతోనే ఎక్కువ భయం వేసింది. తర్వాతి వాక్యం చదివాను. మళ్లీ ఊఁ. తలుపు చెక్క మందంగా ఉండటంతో ఆ గొంతు మట్టిలోంచి వచ్చినట్టు ఉంది, అది అవ్వదో కాదో పోల్చుకునే ధైర్యం నాకు లేదు. చెమట అక్షరాల మీద పడింది. అధ్యాయం చివరిదాకా చదివి, తలుపుకు వీపు తిప్పకుండా, వెనక్కి వెనక్కే నడుస్తూ వసారా దాటాను. మర్నాడు మళ్లీ పోయాను. ఆ మర్నాడు కూడా. ధైర్యం వచ్చి కాదు, మానేస్తే మా నాయనకు ఏమవుతుందోనన్న భయం అంతకన్నా పెద్దది కాబట్టి. నా చదువు కుదురుకుంటున్న కొద్దీ ఆ ఊఁ కూడా నిలదొక్కుకుంది. తలుపులు మింగే రాణి కూడా ఒకప్పుడు ఆ కోటకు వారసురాలేననీ, విడిచిపోలేక అలా అయిపోయిందనీ తెలిసిన చోట మాత్రం ఊఁ రాలేదు. చాలాసేపు ఆగాను. లోపల మంచం పట్టె కిర్రుమన్నది.

ఆ రోజుల్లోనే మా నాయన ముంజేతుల మీద గీతలు చూశాను, సన్నటి నెత్తుటి గీతలు, కొన్ని ఎండినవి, కొన్ని పచ్చివి. చెలకకు కంచె వేస్తున్నానని అమ్మతో అన్నాడు. జీతగాళ్లను పెట్టుకోలేక దొర తన చేతులతో తానే కంచె వేసుకుంటున్నాడంటే అమ్మ ఇంకేమీ అడగలేకపోయింది, పసుపు తెచ్చి పక్కన పెట్టింది. సద్దుల బతుకమ్మనాటి మధ్యాహ్నం, పులుసన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా ఆయన నన్ను అడిగాడు.

"ఆ పిల్ల ఆఖరికి ఏం జేస్తది? కోట ఇడుస్తదా?"

ఏ పిల్ల అని అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బుర్జు మెట్ల వైపు తలుపు, దానికి అడ్డంగా వేసిన తుమ్మకంప, ఆ గీతలు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందుకు వచ్చాయి. అవ్వ కాదు. ఏడవడానికి ఆ ఇంట్లో చోటు దొరకని మనిషి, తల్లి మంచం మీద కూర్చోవడానికి రోజూ ముళ్లు జరుపుకుని పోతున్నాడు. దాంతో నా భయం పోవాలి. పోలేదు, రెట్టింపైంది. ఎవరూ అడుగుపెట్టకూడని అర్ర అది, దీపం కూడా పెట్టని చోటు. తోడు వెతుక్కుంటున్న ఆమె పక్కకు ఆయనే నడిచి వెళ్లి కూర్చుంటున్నాడు.

"ఇంక అంతదాక రాలేదు నాయిన" అన్నాను.

"బిరాన సదువు" అన్నాడు.

మర్నాడు చదువుతూ పోయాను. గోడల్లో ఉండిపోయిన మనుషులంతా ఒక్కసారి నీలవేణి పేరు పిలిచారు. చివరి తలుపు సగం తెరుచుకుని ఉంది. బయట వెలుగు, లోపల రాణి. ఉంటే కోట నీది, పోతే ప్రాణం నీది అన్నది రాణి. నీలవేణి గడప మీద కాలు పెట్టి... అక్కడ కాగితం తిప్పాను. అవతల వెనక అట్ట ఉంది. చివరి పేజీలు ఏ సంతలోనో ఊడిపోయాయి. లోపల ఆయన ఎదురుచూస్తున్నాడు, కంప చిటుక్కుమంటోంది. నేను అట్ట లోపలి తెల్లకాగితం వంక చూస్తూ, గొంతు మార్చకుండా, పుస్తకంలో ఉన్నట్టే చదివాను. నీలవేణి గడప దాటింది. తల వంచలేదు. తలుపు మూయలేదు. కోట గోడల్లో ఉండదు, మనిషి వెన్నులో ఉంటుంది, అది ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది అనుకుని, వెనక్కి చూడకుండా గుట్ట దిగిపోయింది.

ఊఁ రాలేదు. పీట ఎత్తుకుని వచ్చేశాను. ఆ సాయంత్రమంతా వాకిట్లో కూర్చుని, ఆయన కాళ్ల చప్పుడు వినబడేదాకా గోటితో గోడ సున్నం గీకుతూ ఉన్నాను.

దసరా దాటిన వారమే మా నాయన వనపర్తిలో ఒక ఇంట్లో సగభాగం అద్దెకు మాట్లాడి వచ్చాడు. బండి మీద సామాను ఎక్కిస్తుంటే ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఆయన తలకు తెల్లటి రుమాలు కట్టుకుని, పెండ్లికి బయలుదేరినట్టు, గడీ పెద్ద దర్వాజ దిగాడు. నా బట్టల పెట్టె ఆయనే ఎత్తి బండిలో పెడుతూ, పైనున్న రెండో భాగం తీసి చివరి వరకు తిప్పాడు. అట్ట లోపల బొటనవేలితో తడిమి చూశాడు.

"ఆఖరి పేజీలు లేవు గద బిడ్డా."

"లేవు నాయిన."

పుస్తకాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి, మూత వేసి, తాడు బిగించాడు.

"మంచిగ సదివినవ్" అన్నాడు.

ఆరు నెలలు గడిచాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ఉగాదికి పోదామని అమ్మ, అవుతుందిలే అని ఆయన. అంతలోనే వానలు పట్టుకున్నాయి. ఒక ముసురులో అవ్వ అర్ర కప్పు కూలి, నడిమి దూలం సరిగ్గా మంచం మీద పడిందని బుడ్డమ్మ వనపర్తి దాకా వచ్చి చెప్పింది. ఆ మాట విన్న మా నాయన తన ముంజేతులు ఒకసారి చూసుకున్నాడు. నేను చూసింది కూడా అవే. ఆయన తర్వాత చాలా ఏళ్లు బతికాడు. గడీ మళ్లీ ఎక్కలేదు, ఎక్కలేదని ఎవరి దగ్గరా వాపోలేదు.

ఇప్పుడు ఆ బుర్జు రాళ్లు ఎవరెవరి గోడల్లోనో ఉన్నాయి. దర్వాజ ఉన్న చోట ట్రాక్టర్లు నిలుపుతున్నారు. పెబ్బేరు సంతలో పుస్తకాలు పరిచే గోనెసంచి లేదు. నక్షత్రం చూసి ఇల్లు విడిచేవాళ్లు ఇంకా ఉన్నారు గాని, తుమ్మకంప బదులు తాళం వేస్తున్నారు. కథ చెబితే ఊఁ కొట్టేవాళ్లు ఇప్పుడు లేరు, అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే, మూసిన గది లోపలి నుంచి మా బిడ్డ గొంతు వినిపించింది. ఫోన్‌లో స్నేహితురాలికి కాబోలు, ఆ నల్ల పుస్తకం చదివి వినిపిస్తోంది. ఇంగ్లీషులో చదువుతూ, మధ్యలో తెలుగులో విడమరిచి చెబుతోంది. కోటలో చివరి దీపం ఆరిపోయిందట. ఆ పిల్ల ఒంటరిగా నిలబడి ఉందట. వాక్యం అయ్యాక మా బిడ్డ ఒక్క క్షణం ఆగింది, ఆ ఆగడం అచ్చం నాదే. అవతల ఎవరూ ఏమీ అన్నట్టు లేదు. చేతిలో దుప్పటితో తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఊఁ గొంతుదాకా వచ్చింది. చెక్క వెనక నుంచి అలాంటిది వినబడితే ఆ వయసులో ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, దాన్ని అక్కడే ఆపుకున్నాను.